చుట్టుకోని తెరచాప

ఇసుక మీద రెండు ఖాళీ పీపాలకి ఆనించి పడుకోబెట్టిన తెరచాప స్తంభం పక్కన బిందుమాధవి మోకాళ్ల మీద కూర్చుని, స్తంభాన్ని ముక్కు వైపు నుంచి లాగిపట్టి నిలబెట్టే స్టీలు తీగను అల్యూమినియం గొట్టంలోకి దూరుస్తోంది. తీగ కొన కాస్త వంకర తిరిగినా లోపల ఎక్కడో తగులుకుని ముందుకు కదలదు. అవతలి కొస దగ్గర తాతబ్బాయి నిలబడి తీగను బిగువుగా పట్టుకున్నాడు. ఆమె "ఊఁ" అన్నప్పుడల్లా మూరెడు వదులుతున్నాడు. ఒక గొట్టం ముక్క పూర్తయితే దాని చివర ఇంకో ముక్క తగిలించి, మధ్యలో చిన్న స్క్రూలు బిగించాలి. స్క్రూలు చేతిలోంచి జారితే ఇసుకలో కలిసిపోతాయి. అందుకని వాటిని తన స్టీలు టిఫిన్ గిన్నెలో పోసుకుని ఒళ్లో పెట్టుకుంది.

రాజయ్యపేటకి ఇవతల ఏరు సముద్రంలో కలిసేచోట, మొగ ఒడ్డున, ఆ పడవ రెండేళ్లుగా ఉంటోంది. చిన్న ఫైబర్ పడవ. ఆరుగురు కూర్చుంటే ఇరుకైపోతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే దేవీప్రసాద్ దాన్ని విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే ముచ్చటపడి కొన్నాడు. సీజన్ లేని ఆదివారాలు భార్యతో వచ్చి సముద్రంలోకి తీసుకెళతాడు. మిగతా రోజుల్లో దాన్ని కాపలా కాసేదీ, నీళ్లు తోడేదీ, తెరచాప ఎండబెట్టేదీ తాతబ్బాయి.

ఇన్నాళ్లూ గాలి ముదిరితే ముందు తెరచాప దించడానికి ఎవరో ఒకరు పడవ ముక్కు దాకా పాకుతూ పోవలసి వచ్చేది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ తాతబ్బాయే. ఇప్పుడు బిగిస్తున్న సరంజామాతో ఆ అవసరం లేదు. తెరచాప అంచుని ఈ గొట్టం గాడిలోకి ఎక్కిస్తారు. గొట్టం అడుగున ఒక డ్రమ్ము ఉంటుంది, దానికి చుట్టిన తాడు పడవ వెనక్కి వస్తుంది. వెనకాల కూర్చుని ఆ తాడు లాగితే డ్రమ్ము తిరిగి, గొట్టం తిరిగి, తెరచాప దాని చుట్టూ చాపలా చుట్టుకుపోతుంది. దేవీప్రసాద్ ఇది ఎక్కడో చూసి, ఎవరో వాడేసి పక్కన పెట్టినది సంపాదించాడు. పెట్టెతో పాటు బొమ్మల పుస్తకం కూడా వచ్చింది.

ఆయన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నాడు. బిందుమాధవి ఆఖరి ముక్క బిగించి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, బొమ్మల పుస్తకం తిరగేసింది. మళ్లీ పెట్టెలో వెతికింది. పెట్టెను బోర్లించింది.

"ఏవండీ, ఇందులో చూపించిన ఉంగరం మనకి రాలేదు."

"ఏ ఉంగరం?" అన్నాడు ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి.

"స్తంభం పైన బిగించేది. తెరచాపను పైకెత్తే తాడు దాంట్లోంచి రావాలి. అది ఆ తాణ్ణి వెనక్కి లాగి ఉంచుతుంది. లేకపోతే తాడు గొట్టానికి ఆనుకుని ఉండిపోయి, గొట్టం తిరిగినప్పుడు అదీ చుట్టుకుంటుంది. అలా చుట్టుకుంటే ఇంక ఏదీ తిరగదు."

"చిన్న ఉంగరానికి అంత కథా?"

"విశాఖపట్నంలో దొరుకుతుంది. ఈ ఆదివారం వద్దు. వచ్చే ఆదివారం వెళదాం."

దేవీప్రసాద్ ఫోను కట్టేసి లేచి వచ్చాడు. "త్రినాధరావు గారినీ ఆవిడనీ పిలిచేశాను. ఆయన రోడ్ల కాంట్రాక్టు పనుల్లో పడితే మళ్లీ దొరకడు." తాతబ్బాయి వైపు తిరిగి నవ్వాడు. "మీ అమ్మగారు కాలేజీలో ఉన్నప్పుడు ఎన్.సి.సి.లో పడవ నడిపిందిలే. అప్పట్నుంచీ నేవీ ఆఫీసరుననే అనుకుంటోంది."

తాతబ్బాయి నవ్వలేదు. తీగ కొసకి అంటిన ఇసుకను బొటనవేలితో తుడుస్తున్నాడు.

సాయంత్రం నలుగురు జాలర్లు వచ్చి పట్టుకుంటే స్తంభం నిలబడింది. గాలి లేదు. దేవీప్రసాద్ వెనకాల కూర్చుని తాడు లాగాడు. తెల్లటి తెరచాప గిరగిర చుట్టుకుంది. ఇంకో తాడు లాగితే విప్పుకుంది. మళ్లీ మళ్లీ చేశాడు. ప్రతిసారీ చక్కగానే తిరిగింది.

"చూశావా?" అన్నాడు.

బిందుమాధవి తల వెనక్కి వాల్చి స్తంభం కొసను చూస్తోంది. ఎత్తే తాడు, గొట్టం, రెండూ అక్కడ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. "గాలి లేదు కాబట్టి తిరిగింది," అంది. ఆయన అప్పటికే ఒడ్డుకి దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

* * *

ఆదివారం పొద్దున్న సముద్రం చదునుగా ఉంది. త్రినాధరావు తెల్ల బట్టలు వేసుకొచ్చాడు. ఆయన భార్య పైడితల్లికి నీళ్లంటే భయం. ఎక్కేటప్పుడు తాతబ్బాయి చెయ్యి పట్టుకుని ఎక్కి, దిగేదాకా దగ్గర్లోనే ఉండమని అతన్ని బతిమాలింది. అతను ఆమె కాళ్ల దగ్గరే కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి లేచింది. మొదట నీటి మీద నల్లగా పాకింది. తర్వాత పడవ ఒక పక్కకి ఒరిగి, పైడితల్లి "అమ్మా" అని తాతబ్బాయి భుజం పట్టుకుంది. త్రినాధరావు నవ్వుతూనే ఉన్నాడు కానీ రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు.

"భయం లేదండీ. ఇప్పుడు చూడండి తమాషా," అని దేవీప్రసాద్ చుక్కాని కర్రని భార్య చేతికిచ్చి, చుట్టే తాడు అందుకున్నాడు.

తాడు కొంత దూరం వచ్చి ఆగిపోయింది. తెరచాప సగం చుట్టుకుని, మిగిలిన సగం గాలికి టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఆయన కాళ్లు తన్నిపెట్టి లాగాడు. రాలేదు.

తాతబ్బాయి ఉన్నచోటే లేచి నిలబడి పైకి చూశాడు. "బాబూ, పైన తాడు మెలిక పడిపోనాది. లాగకండి."

"విప్పేయండి," అంది బిందుమాధవి. "ఎటు చుట్టారో దానికి ఎదురు తిప్పితే మెలిక వీడిపోతుంది. తర్వాత మామూలుగా కిందికి దించేద్దాం. నేను పడవని గాలికి ఎదురు తిప్పుతాను."

"ఉండు."

"లాగకండి. బరువంతా పైన తీగ మీద పడుతుంది."

"ఉండమన్నానా?" అన్నాడు. అతిథుల వైపు చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పక్కనే తెరచాప తాళ్లు బిగించడానికి వించి, తాడు చుట్టి తిప్పే ఇనుప రాట్నం, ఉంది. చుట్టే తాణ్ణి దానికి నాలుగు చుట్లు చుట్టి, పిడి తగిలించి తిప్పసాగాడు. వించి టక్, టక్, టక్ మంటూ తిరిగింది. తాడు చేతివేలు మందం నుంచి పెన్సిలు మందానికి సాగినట్టు కనిపించింది.

"రాయిలాగున్నాది బాబూ, ఒగ్గేయండి," అన్నాడు తాతబ్బాయి.

దేవీప్రసాద్ రెండు చేతులూ పిడి మీద వేసి తిప్పాడు.

పైన తుపాకీ పేలినట్టు శబ్దమైంది. బిందుమాధవి తలెత్తేసరికి స్తంభం వెనక్కి వస్తోంది. నెమ్మదిగా వస్తున్నట్టే అనిపించింది. తాతబ్బాయి పైడితల్లిని మెడ పట్టుకుని పడవ అడుక్కి నొక్కేశాడు, తను పైన పడ్డాడు. తెగిన తీగ కొరడాలా తిరిగి త్రినాధరావు నుదురు చీల్చింది. ఆ వెంటనే స్తంభం తాతబ్బాయి కుడి భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు గాలిలో కూడా వినబడింది.

రాజయ్యపేట నుంచి వేటకు వచ్చిన మోటారు పడవ వాళ్లు చూసి, దగ్గరికొచ్చి, తాడు కట్టి మొగలోకి లాక్కొచ్చారు. దారి పొడుగునా పైడితల్లి తాతబ్బాయి తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చీరంతా ఉప్పునీళ్లు, భర్త నుదుటి రక్తం.

* * *

ఆసుపత్రి వాళ్లు రివాజు ప్రకారం పోలీసులకి కబురు పంపారు. సముద్రంలో పడవ ప్రమాదం, ఇద్దరికి గాయాలు. పడవలో ఎవరి అజాగ్రత్త అయినా ఉంటే కేసు కట్టాలి. ఆ సంగతి బిందుమాధవికి సోమవారం పొద్దున్న హాల్లోంచి వినిపించిన భర్త గొంతు వల్ల తెలిసింది. ఆయన ఫోనులో ఎవరితోనో చెబుతున్నాడు.

"మనవాడేనండీ, తాతబ్బాయని. వద్దంటున్నా వినకుండా వించి వేసి లాగేశాడు. వాళ్లకి బలమే గాని బుర్ర ఉండదు కదా... అవునండీ... మా ఆవిడకి అప్పటికే కళ్లు తిరిగి తల వంచుకుని కూర్చుంది, ఆవిడేం చూస్తుంది పాపం."

ఆమె పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా చూడలేదు. గట్టు మీంచి కారిన పాలు పాదం మీద పడ్డాక స్టవ్ కట్టేసి, హాల్లోకి వచ్చింది.

"ఎవరు లాగారు?" అంది.

దేవీప్రసాద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కూర్చో. చెబుతా."

"ఎవరు లాగారు?"

"నా మీద కేసయితే ఏమవుతుందో తెలుసా? మార్కెట్లో మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న పేరు. పేపర్లో వస్తుంది. వాడి మీదయితే రెండు వాయిదాలు తిరిగి అయిపోతుంది. వకీలుని నేనే పెడతాను. ఆసుపత్రి నేనే చూసుకుంటాను. వాళ్లింటి సంగతి జీవితాంతం చూసుకుంటాను. వాడికేం పోతుంది చెప్పు?"

"వాడు, వాడు అంటున్నారు. మీకంటే పెద్దవాడు."

"ఇప్పుడు అదా మాట?"

"అదే మాట," అంది ఆమె. వంటింట్లోకి వెళ్లి మాడిన పాలు గట్టు మీంచి చాకుతో గీకింది. గీకిన చోటే మళ్లీ మళ్లీ గీకింది.

* * *

తాతబ్బాయి మంచం కిటికీ పక్కన ఉంది. కుడి భుజం నుంచి మోచేతి దాకా కట్టు. వార్డులో నర్సు లూర్దు మేరీ సెలైన్ మార్చి వెళుతూ, "ఎక్కువ మాట్లాడించకండమ్మా," అని బిందుమాధవికి చెప్పింది.

మంచం పక్కన నేల మీద కూర్చున్న తాతబ్బాయి భార్య చిన్నమ్మలు లేవలేదు. ఎప్పుడు వెళ్లినా చేప కడిగిన చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చి నవ్వే మనిషి. ఇప్పుడు ఆమె ముఖం చూసి బిందుమాధవి తెచ్చిన పళ్ల సంచీని కింద పెట్టాలో చేతిలోనే ఉంచుకోవాలో తెలియక నిలబడింది.

"పొద్దుట మా పేట పెద్ద సత్తియ్య మామ వచ్చి ఎల్లేడు," అంది చిన్నమ్మలు. "బాబుగారు పంపించినారంట. పోలీసోలొచ్చి అడిగితే నానే తిప్పేనని సెప్పీమన్నాడు. ఈయన సెప్పననీసేడు."

"నాను తిప్పనేదు," అన్నాడు తాతబ్బాయి. గొంతు బొంగురుగా ఉంది. "తిప్పినానని ఎలాగ సెప్పేది? రేపు మా వోలు నన్ను పడవెక్కించుకుంటారేటి? గాలిలో సెప్పిన మాట ఇనకుండా తీగ తెంపేసినోడిని ఎవుడు నమ్ముతాడు? సెయ్యి పోతే పోనాది. పేరు కూడా పోతే ఇంకేటి సేసుకు బతకాల?"

"పోలీసులొస్తే మరి ఎవరు తిప్పారని చెబుతారు?" అంది బిందుమాధవి.

"ఎవలి పేరూ సెప్పను. తిప్పినోలు సెప్పాలి ఆ మాట. నాను సెప్తే సాడీ అవుద్ది."

చిన్నమ్మలు ఒక్కసారిగా లేచింది. పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు.

"ఈయన సెప్పడమ్మా, ఈయన బుద్ధి అంతే. మరి మీరు? ఆ పడవలో అయిదుగురున్నారు. ఈయన బోర్లా పడి ఉన్నాడనుకో. మిగతా నలుగురికీ కళ్లున్నాయి కదా? ఒక్కలకీ నోరు నేదేటమ్మా? ఆ పెద్దమ్మ బతికున్నాదంటే ఈయన మీద పడి కాసేడు కాబట్టి. ఆ పెద్దమ్మైనా ఒక్క మాట అన్నాదా?"

"సిన్నమ్మలూ," అన్నాడు తాతబ్బాయి.

"నువ్వుండు. అడగనీ నన్ను. పొద్దున్నుంచి ఎవలినీ అడగడానికి నేక సస్తన్నాను."

బిందుమాధవి పళ్ల సంచీని కిటికీ గట్టు మీద పెట్టింది. చిన్నమ్మలు కోపం తన మీద పడటం సరైనదే అనిపించింది. కానీ ఆ కోపం అంతా ఇక్కడ, ఈ మందుల వాసన గదిలో, చెయ్యి విరిగిన మనిషి పక్కనే ఖర్చయిపోవడం మాత్రం ఆమె సహించలేకపోయింది. అది ఇంకో చోట వినబడాలి.

మర్నాడు బస్సెక్కి నక్కపల్లి దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో మొగ దగ్గరికి వెళ్లింది. పడవను ఒడ్డుకి లాగి ఉంచారు. స్తంభం దాని పక్కనే ఇసుకలో పడి ఉంది. పాత ఇనుము కొనే ఒకతను, దేవీప్రసాద్ పంపగా వచ్చి, రంపం సంచీలోంచి తీస్తున్నాడు. తాతబ్బాయి తమ్ముడు అప్పలరాజు అతనికి అడ్డంగా నిలబడ్డాడు.

"కోయకండి. నేను చెబుతున్నా," అంది బిందుమాధవి. ఇనుపకొట్టతను ఆమెను గుర్తుపట్టి, ఏదో గొణిగి, సంచీ కట్టేసుకున్నాడు.

ఆమె స్తంభం కొస దగ్గర కూర్చుంది. ఎత్తే తాడు గొట్టం చుట్టూ మూడు మెలికలు వేసుకుని, ఇంకా అలాగే కరిచిపెట్టుకుని ఉంది. దాని పక్కన తెగిన తీగ పోగులు జడ విప్పినట్టు విచ్చుకుని ఉన్నాయి. తను ముందే చెప్పింది. బొమ్మలో ఎలా ఉందో అలాగే జరిగింది. ఆ ఆలోచన ఆమెకి ఏ ఊరటా ఇవ్వలేదు.

అప్పలరాజు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, మా అన్న తిప్పేడా?"

"లేదు."

"మరి ఆ మాట ఇక్కడ నాకు సెప్తే ఏటి పెయోజనం?" అన్నాడు అతను. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

* * *

ఎస్.ఐ. అరుణ్ కుమార్ బుధవారం సాయంత్రం దేవీప్రసాద్ ఇంటికే వచ్చాడు. మర్యాదస్తుడు. స్టేషనుకి ఆడవాళ్లని పిలవడం ఎందుకని, అందరి మాటలూ ఒకచోటే రాసుకుందామని అన్నాడు. త్రినాధరావు దంపతులు కూడా వచ్చారు. త్రినాధరావు నుదుటి మీద తెల్లటి కట్టు. పైడితల్లి సోఫా అంచున కూర్చుని చేతి గాజులు అటూ ఇటూ జరుపుకుంటోంది. కానిస్టేబులు కాగితాలు అట్ట మీద పెట్టుకుని తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

బిందుమాధవి కాఫీలు తెచ్చి పెట్టింది. ట్రే లోపల పెట్టి రావడానికి వెళ్లి, మళ్లీ వచ్చి, కూర్చోకుండా గోడ పక్కన నిలబడింది.

దేవీప్రసాద్ చెప్పింది సాఫీగా సాగింది. గాలి లేచింది, తెరచాప ఇరుక్కుంది, పనివాడు తొందరపడ్డాడు. తను చెప్పినా వినలేదు. మాటలు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో అబద్ధమాడుతున్న ఛాయ లేదు. మూడు రోజులుగా అందరికీ చెప్పీ చెప్పీ ఆయనకే అది జరిగినట్టు కనబడుతోందేమో అనిపించింది ఆమెకి.

"మీరేం చూశారండీ?" అని ఎస్.ఐ. త్రినాధరావుని అడిగాడు.

"దెబ్బ తగిలాక నాకేమీ గుర్తు లేదు సార్. దేవీప్రసాద్ గారు చెప్పిందే."

"అమ్మా, మీరు?"

పైడితల్లి భర్త వైపు చూసింది. "నేను కళ్లు మూసుకున్నానండీ. భయంతో."

"ఆసుపత్రిలో ఆ తాతబ్బాయి నేను తిప్పలేదంటున్నాడు," అన్నాడు ఎస్.ఐ. "ఎవరు తిప్పారంటే చెప్పడం లేదు. అదొక్కటే కుదరడం లేదు. మేడమ్, మీరు..."

"ఆవిడకి కళ్లు తిరిగాయండీ," అన్నాడు దేవీప్రసాద్. "తల వంచుకుని కూర్చుంది. ఆవిడకేం తెలియదు."

కానిస్టేబులు కలం కాగితం మీద ఆనించాడు.

"నాకు కళ్లు తిరగలేదు," అంది బిందుమాధవి.

ఎస్.ఐ. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"చుక్కాని నా చేతిలో ఉంది," అంది. "పడవ నేను నడుపుతున్నాను. చుక్కాని పట్టుకున్న మనిషి తల వంచుకుని కూర్చోదు. వించి పిడి మా ఆయన చేతిలో ఉంది. తాతబ్బాయి ముందు వద్దన్నాడు, తర్వాత వదిలెయ్యమన్నాడు. నేనూ వద్దన్నాను. ఈ సరంజామాలో ఒక వస్తువు లేదని, అది లేకుండా వెళ్లొద్దని రెండు రోజుల ముందే చెప్పాను. ఈయన వినలేదు. తీగ తెగింది. స్తంభం పడేటప్పుడు ఈవిడకి తగలకుండా తాతబ్బాయి ఆ దెబ్బ తన మీదికి తీసుకున్నాడు. ఇంతే జరిగింది."

"బిందూ," అన్నాడు దేవీప్రసాద్. చాలా నెమ్మదిగా అన్నాడు.

"స్తంభం ఒడ్డునే ఉంది సార్. కోయించెయ్యమని మనిషిని పంపారు, నేను ఆపాను. వెళ్లి చూసుకోండి. తాడు ఇప్పటికీ మెలిక పడే ఉంది."

ఎస్.ఐ. ఆమె ముఖంలోకి చూశాడు. "మేడమ్, మీరు ఎవరి మీద చెబుతున్నారో ఆలోచించుకునే చెబుతున్నారా? రాసుకుంటే మళ్లీ మార్చడం కష్టం."

"మార్చను. రాసుకోండి."

త్రినాధరావు గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో విషయాలు ఇంట్లోనే మాట్లాడుకుంటే..."

"ఒక మనిషి భుజం విరిగి ఆసుపత్రిలో ఉన్నాడండీ. అది మా ఇంట్లో విషయం ఎలా అయింది?"

పైడితల్లి గాజులు జరుపుకోవడం ఆపింది.

"నన్ను మెడ పట్టి కిందికి నొక్కాడండీ," అంది ఎస్.ఐ.తో, ఎవరి వైపూ చూడకుండా. "అతను వించి దగ్గర ఉంటే నన్నెలా నొక్కుతాడు? మొదటి నుంచీ నా కాళ్ల దగ్గరే ఉన్నాడు. నేనే ఉండమన్నాను." ఈసారి తల ఎత్తి, "కళ్లు మూసుకున్న మాట నిజం కాదండీ. పెద్ద శబ్దం అయ్యేదాకా తెరిచే ఉన్నాను," అంది.

కానిస్టేబులు రాసిన కాగితం చింపి, కొత్తది తీశాడు.

అందరూ వెళ్లిపోయాక దేవీప్రసాద్ సోఫాలోంచి లేవలేదు. కాఫీ మీద మీగడ కట్టింది.

"నన్ను వీధిలో నిలబెట్టేశావు," అన్నాడు.

"మీరు తాతబ్బాయిని నిలబెట్టిన చోటే."

"నేను మంచి చేద్దామనే కదా..."

"మంచి చెయ్యాలనుంటే ఆదివారమే చెయ్యొచ్చు. ఆ పిడి వదిలేస్తే సరిపోయేది," అంది ఆమె. కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. ఒక కప్పు పిడి ఊడి సింకులో పడింది. ఆమె ఏడవలేదు. ఇంకా ఎవరి మీదో అరవాలన్నంత కోపం మాత్రం అలాగే ఉంది, తన పని తాను చేసేశాక కూడా.

* * *

తాతబ్బాయి ఇంటికొచ్చిన తర్వాతి శనివారం, బిందుమాధవి విశాఖపట్నం నుంచి కొత్త తీగ, ఆ ఉంగరం తెచ్చుకుని మొగ దగ్గరికి వెళ్లింది. కేసు దేవీప్రసాద్ పేరు మీద కట్టారు. ఆయన స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. ఇంట్లో అవసరమైన మాటలు మాత్రమే నడుస్తున్నాయి.

ఆమె డ్రమ్ము విప్పి, లోపల తిరిగే బేరింగు గుండ్లను బకెట్టు మంచినీళ్లతో కడిగింది. తెల్లటి ఉప్పు, నల్లటి ఇసుక నీళ్లలోకి దిగాయి. అప్పలరాజు గ్రీజు డబ్బా అందించబోయాడు.

"వద్దు అప్పలరాజూ. గ్రీజు రాస్తే ఇసుక అతుక్కుంటుంది. వాడినప్పుడల్లా మంచినీళ్లు పోస్తే చాలు."

బోర్లించిన తెప్ప మీద తాతబ్బాయి కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి మెడకి వేలాడదీసుకుని. చెయ్యి ఎప్పటికి లేస్తుందో, వల లాగడానికి పనికొస్తుందో లేదో డాక్టరు చెప్పలేదు. చిన్నమ్మలు పక్కనే కూర్చుని వలకి ముడులు వేస్తోంది. బిందుమాధవికి టీ తెచ్చి ఇచ్చింది గాని, మాట కలపలేదు. ఇచ్చింది, అంతే.

ఉంగరం బిగించి, ఎత్తే తాణ్ణి దాంట్లోంచి పోనిచ్చాక, స్తంభం లేపి, పడవను నీళ్లలోకి తోశారు. ఇప్పుడు పైన తాడుకీ గొట్టానికీ మధ్య బెత్తెడు ఎడం కనబడుతోంది. తెరచాప అంచుని గాడిలోకి ఎక్కిస్తూ ఆమె పడవ ముక్కు మీద ఉంది. అప్పలరాజు ఎత్తే తాడు లాగుతున్నాడు. వెనకాల చుట్టే తాడు దగ్గర మనిషి లేడు.

కారు వచ్చి ఆగిన చప్పుడైంది. దేవీప్రసాద్ దిగి, ఇసుకలో నడిచి, నీటి అంచు దాకా వచ్చాడు. పడవను ముక్కు నుంచి వెనక దాకా చూశాడు.

"తాడు దగ్గర ఎవరూ లేనట్టున్నారు," అన్నాడు చివరికి. "నేను పట్టుకోనా?"

బిందుమాధవి తెరచాప అంచు మీంచి చెయ్యి తియ్యలేదు.

"నన్నెందుకు అడుగుతారు? తాతబ్బాయిని అడగండి."

దేవీప్రసాద్ బూట్ల కిందికి నీళ్లు వచ్చి వెళ్లాయి. కారు వైపు తిరుగుతాడేమో అనుకుంది ఆమె. తిరగలేదు. ఇసుకలో అడుగులు వేసుకుంటూ తెప్ప దగ్గరికి వెళ్లాడు. చిన్నమ్మలు వల ముడుల మీంచి తల ఎత్తి ఆయన్ని చూసింది. చూపు తిప్పుకోలేదు.

ఆయన ఏదో మొదలుపెట్టి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. గాలి అటు వీస్తుండటంతో పడవ మీదికి ఆ మాటలు రాలేదు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తాతబ్బాయి ఏరు కేసి చూస్తూ విన్నాడు.

ఆయన మాటలు అయిపోయాక తాతబ్బాయి ఎడమ చెయ్యి తెప్ప మీద ఆనించి, మెల్లిగా లేచాడు. పడవ దాకా నడిచి వచ్చి, తెరచాప కొసను, ఉంగరాన్ని, కిందికి దిగిన తాణ్ణి వరసగా చూసుకున్నాడు.

"ఎక్కండి," అన్నాడు దేవీప్రసాద్‌తో. "ఆ తాడు అట్టుకోండి. నాను సెప్పినప్పుడు లాగండి. ఆపమంటే ఆపీయాల."

దేవీప్రసాద్ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, పడవెక్కాడు. తాడు రెండు చేతుల్లోకి తీసుకుని, తాతబ్బాయి ముఖం కేసి చూస్తూ కూర్చున్నాడు.